ఒక ట్రాన్స్‌ఫార్మర్, పదహారు మోటార్లు

యాసంగి నాట్లు పడి పొలానికి నీటి అవసరం పెరిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాలమూరు పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం కొత్త కాదు. గ్రామాల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలనేది నియంత్రణ మండలి పంపిణీ సంస్థలకు పెట్టిన నిబంధన. ఆ బాధ్యతా ఖర్చూ సంస్థవే. కాని రైతు 48 గంటలు ఆగలేడు. ఆగినా వస్తుందన్న నమ్మకం అతనికి లేదు. ఆ రాత్రికే నలుగురు కూడి తలా ఇంత వేసుకుంటారు. ట్రాక్టర్ మాట్లాడతారు. తెల్లవారేసరికి కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు కేంద్రం గేటు ముందు ఉంటుంది. వెంట పదిమంది రైతులూ ఉంటారు.

ఇలా ఒక్క రాత్రిలో ఏకమయ్యే ఈ రైతులే, ట్రాన్స్‌ఫార్మర్ కాలకుండా ఆపగలిగే చిన్న పరికరాన్ని మాత్రం ఏళ్ల తరబడి పెట్టుకోరు. దాని పేరు కెపాసిటర్. ధర కొన్ని వందల రూపాయలు. మోటార్ ఒకసారి కాలితే వైండింగుకయ్యే ఖర్చులో అది చిన్న భాగం. అయినా ఎందుకు పెట్టుకోరు? "రైతుకు తెలియదు" అని అధికారులు చెప్పే జవాబు తప్పు. తప్పు జవాబు మీద కట్టిన పథకం నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ముందు కెపాసిటర్ చేసే పని చూద్దాం. మోటారు తిరగడానికి తీసుకునే కరెంటులో కొంత భాగం నీరు తోడే పనికి ఖర్చవుతుంది. మరికొంత లోపలి అయస్కాంత శక్తిని నిలపడానికి తీగెల వెంట వచ్చి పోతూ ఉంటుంది. ఆ రెండో భాగం నీరు తోడదు. కాని తీగెలను, ట్రాన్స్‌ఫార్మర్‌ను వేడెక్కిస్తుంది. కెపాసిటర్ దానిలో చాలా భాగాన్ని మోటారు పక్కనే సమకూరుస్తుంది. ఆ మేరకు లైను మీద భారం తగ్గి, ఓల్టేజి నిలబడుతుంది.

లెక్క వేస్తే సంగతి స్పష్టమవుతుంది. 5 హెచ్.పి. మోటారు నష్టాలతో కలిపి సుమారు 5 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. పవర్ ఫ్యాక్టర్ 0.75 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం 6.7 కె.వి.ఎ. అటువంటి మోటార్లు పదహారు నడిస్తే 107 కె.వి.ఎ. అవుతుంది. పైన ఉన్నది 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ అయితే అది వేడెక్కక ఏం చేస్తుంది? ఇప్పుడు ప్రతి మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.9కి చేరుతుంది. మొత్తం భారం 89కి దిగుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే మోటార్లు. గండం గడుస్తుంది.

ఆ పదహారు మందిలో ఒక్కరే పెట్టారనుకోండి. భారం 107 నుంచి 105కు తగ్గుతుంది, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే కాలుతుంది. పెట్టిన రైతుకు డబ్బూ పోయింది, ఫలితమూ దక్కలేదు. మరుసటి ఏడు మిగతా పదిహేను మందిలో ఎవరైనా పెడతారా? అతణ్ణి చూసి నవ్వుతారు. తక్కిన పదిహేను మందీ పెట్టి ఒక్కరు మానేస్తే మానేసిన వానికీ మంచి ఓల్టేజి ఉచితంగా వస్తుంది. అంటే పక్కవారు పెట్టకపోతే పెట్టినా ప్రయోజనం లేదు. పక్కవారు పెడితే తాను పెట్టనక్కర లేదు. ఎటు చూసినా మానుకోవడమే తెలివి. రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర లేదు. లెక్క రానిది పథకం రాసిన వారికే.

1980ల ఆరంభంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంపుసెట్లకు యూనిట్ల లెక్క పోయి హెచ్.పి. లెక్కన శ్లాబు వచ్చింది. 2004 మే నెలలో ఉచిత విద్యుత్తు వచ్చింది. మరుసటి ఏడాది దానికి కొన్ని షరతులు చేర్చారు. కెపాసిటర్, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, హెచ్.డి.పి.ఇ. లేదా ఆర్.పి.వి.సి. పైపు, ఐ.ఎస్.ఐ. గుర్తున్న పంపుసెట్టు ఉండాలన్నారు. షరతులన్నీ మంచివే. అయితే షరతు పాటించని రైతుకు కరెంటు కోయగల ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది? కొన్ని చోట్ల కెపాసిటర్లు బిగించారు. బిగించినవాటిలో చాలావాటి తీగెలు తర్వాత ఊడదీశారు. ఎక్కువ చోట్ల షరతు ఉత్తర్వులోనే ఉండిపోయింది. ఉచితంగా వచ్చే కరెంటును పొదుపు చేస్తే రైతు జేబులోకి రూపాయి కూడా రాదన్న సంగతి షరతు రాసినవారికి తట్టకపోవడం విచిత్రం.

మనుషులు పుస్తకంలో రాసినట్టు కాక నిజంగా ఎలా నిర్ణయాలు తీసుకుంటారో పరిశీలించే ప్రవర్తనా అర్థశాస్త్రం అనే శాఖ ఒకటి ఉంది. మనిషి బుద్ధికి హద్దులుంటాయని చెప్పిన హెర్బర్ట్ సైమన్‌కు 1978లో నోబెల్ వచ్చింది. డేనియల్ కానమన్‌కు 2002లో, రిచర్డ్ థేలర్‌కు 2017లో వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2019 జూలైలో పార్లమెంటుకు సమర్పించిన ఆర్థిక సర్వేలో ఒక అధ్యాయం మొత్తం ఈ శాస్త్రానికే కేటాయించింది. ఆజ్ఞ వేయకుండా, డబ్బు గుమ్మరించకుండా, మోచేత్తో మెల్లగా తట్టినట్టు జనాన్ని మంచివైపు మళ్లించవచ్చని ఆ అధ్యాయం సారాంశం. 2015లో "వదులుకోండి" పిలుపుతో సుమారు కోటిమంది వంటగ్యాస్ సబ్సిడీ వదులుకున్న ఉదంతాన్ని ఇందుకు ఉదాహరణగా చెబుతుంటారు. ఢిల్లీలో ఇంత తెలిసినవారు స్టార్టర్ డబ్బా దాకా వచ్చేసరికి పాత పద్ధతినే ఎందుకు పట్టుకున్నారు?

ఆ శాస్త్రం చెప్పేదాంట్లో మన ఊళ్లకు ముఖ్యంగా పనికివచ్చే మాట ఒకటుంది. మనుషుల్లో ఎక్కువమంది పచ్చి స్వార్థపరులు కారు. ధర్మప్రభువులూ కారు. పక్కవాడు చేస్తే తానూ చేస్తారు. పక్కవాడు ఎగ్గొడితే తానూ మానేస్తారు. ఉమ్మడి పనికి తలా ఎంత వేస్తారో చూసే ప్రయోగాల్లో పలు దేశాల్లో ఇదే కనిపించింది. నేపాల్ సాగునీటి సంఘాలను కూడా పరిశీలించి, ఉమ్మడి వనరును ఊరి జనం తామే కట్టుబాటు పెట్టుకుని కాపాడుకోగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ ఇచ్చారు.

ఆమె పుస్తకం రాకముందే తెలంగాణ పల్లెకు ఈ సంగతి తెలుసు. చెరువు తూము ఎత్తడానికి నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు, ఎవరి వంతు తర్వాత ఎవరి వంతు అనేది అతని చేతిలో ఉండేది. ఆయకట్టు రైతులు అతనికి పంట మీద ధాన్యం కొలిచేవారు. చివరి మడికి నీరు అందకపోతే ఊరు అతణ్ణి అడిగేది. బోర్లు వచ్చాక ఎవరి నీరు వారిదే అన్న భ్రమ పుట్టింది. భ్రమ అనడం ఎందుకంటే, భూమి కింద నీరూ ఒకటే, భూమి పైన ట్రాన్స్‌ఫార్మరూ ఒకటే. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒక చెరువే. దానికి ఆయకట్టు ఉంది. నీరటి మాత్రం లేడు.

ఆటో స్టార్టర్ల ఉదంతం ఇంకా బాగా పాఠం చెబుతుంది. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి లేచి పొలం పోవడం, పాము కాటుకో షాకుకో గురికావడం ఎందుకని రైతు ఆటో స్టార్టర్ పెట్టుకున్నాడు. అతని దృష్టిలో అది అవసరం. కాని కరెంటు వచ్చిన క్షణంలోనే ఆ లైను మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. నేరుగా లైను మీద స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. పదహారూ ఒక్కసారి లాగితే ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఒక్కరు ఆటో స్టార్టర్ తీసేస్తే నష్టపోయేది ఆ ఒక్కరే. పక్క బోరు రాత్రంతా పోస్తుంది, ఇతని మడి ఎండుతుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సుమారు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల ఉచిత సరఫరా ప్రారంభించారు. ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం రైతులను కోరింది. ఊరూరా చెప్పించింది. కొందరు తీశారు, చాలామంది వెంటనే తీయలేదు. రైతు మొండివాడని అప్పుడు అధికారులు విసుక్కున్నారు. ముప్ఫై ఏళ్లు కరెంటు కోసం కళ్లు కాయలు కాచేలా చూసినవాడు, నిన్న మొన్న వచ్చిన 24 గంటల కరెంటు రేపూ ఉంటుందని ఒక్క ప్రకటనతో ఎలా నమ్ముతాడు? ముందు నమ్మకం కుదరాలి, తర్వాత స్టార్టర్ ఊడుతుంది. ఈ వరస తిరగేసినా పని జరగదు. మధ్యలో ఒక్క వారం సరఫరా దెబ్బతిన్నా ఊడిన స్టార్టర్ మళ్లీ ఎక్కుతుంది.

నమ్మకం అన్నది ఇక్కడ చిన్న మాట కాదు. విద్యుత్ చార్జీల పెంపు మీద జరిగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉచిత విద్యుత్తును నగదు బదిలీగా మార్చి, పంపుసెట్లకు మీటర్లు బిగించాలని నిర్ణయించి శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. అదే కాలంలో తెలంగాణలో మోటార్లకు మీటర్లు పెట్టనివ్వబోమని పాలకులే సభల్లో చెప్పారు. ఈ నేపథ్యంలో స్టార్టర్ పక్కన ఏ కొత్త డబ్బా బిగించబోయినా "ఇవాళ ఇది, రేపు మీటరు" అన్న అనుమానం రాకుండా ఉండదు. దానికి తోడు "కెపాసిటర్ పెడితే మోటారు కాలుతుంది" అన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. పూర్తిగా పుక్కిటి పురాణమని కొట్టివేయడానికీ లేదు. నాసిరకం డబ్బా, సరిపడని సైజు, వదులు తీగెలు నిజంగానే ఇబ్బంది తెస్తాయి. ఒక ఊళ్లో ఒక్క మోటారు అలా కాలితే ఆ వార్త పది ఊళ్లు తిరుగుతుంది. కెపాసిటర్ వల్ల కాలకుండా మిగిలిన మోటారు గురించి ఎవరు చెప్పుకుంటారు?

కొత్త వస్తువును రైతు ఎవరి మాట మీద తీసుకుంటాడన్న ప్రశ్నకు జవాబు ఈ జిల్లాలోనే ఒకసారి దొరికింది. 2003లో బేసిక్స్ అనే సంస్థ, ఒక బీమా కంపెనీ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వర్షాధార బీమా ప్రవేశపెట్టాయి. వానగేజిలో నమోదైన వర్షాన్ని బట్టి పరిహారం ఇచ్చే పద్ధతి అది. మన దేశంలో ఆ తరహా బీమాకు అదే ఆరంభం. తర్వాతి సంవత్సరాల్లో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి ఎవరు కొంటున్నారో, ఎందుకు కొనడం లేదో పరీక్షించారు. ధర, చేతిలో డబ్బు ముఖ్యమని తేలింది. వాటితోపాటు, ఊరికి ముందే తెలిసిన, నమ్మకమున్న సంస్థ మనిషి వెంట వచ్చి మాట చెబితే కొనేవారు పెరిగారు. ఆ సంస్థ పరిచయం లేని ఊళ్లలో అదే మాట పనిచేయలేదు. కరపత్రాలు, గోడరాతలు వేసి "అవగాహన కల్పించాం" అని నివేదిక పంపేవారు దీన్ని చదవాలి.

డబ్బు ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. ఆఫ్రికాలోని పశ్చిమ కెన్యాలో రైతులు ఎరువు వాడకపోవడానికి కారణం వెదికిన ఎస్తేర్ డూఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్‌లు ఒక చిన్న మార్పు చేసి చూశారు. పంట అమ్మి చేతిలో పైకం ఉన్నప్పుడే రైతు ఇంటికి వెళ్లి, ఎరువుకు ఇప్పుడే డబ్బు కట్టండి, అదునుకు ఇంటికే తెచ్చి ఇస్తాం అన్నారు. ఎరువు వాడినవారి సంఖ్య, అదునులో సగం ధరకు ఇస్తామన్నప్పుడు పెరిగినంతగా పెరిగింది. 2011లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. 2019లో అభిజిత్ బెనర్జీతోపాటు డూఫ్లో, క్రెమర్‌లు నోబెల్ పొందారు. మన పథకాల్లో రైతు వాటా ఎప్పుడు కట్టమంటారు? ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అంటారు. ఫిబ్రవరి, మార్చిల్లో రైతు దగ్గర మందుల దుకాణం అప్పు తప్ప ఇంకేముంటుంది?

ఇంతవరకు చెప్పిందంతా రైతు ప్రవర్తన గురించి. ఆఫీసు ప్రవర్తన సంగతి ఎవరూ అడగడం లేదు. అక్కడా మనుషులే ఉన్నారు. మార్చి 31 లోగా ఇన్ని వేల కెపాసిటర్లు పంచాలని లక్ష్యం వస్తే అన్ని వేలూ పంచుతారు. ఏడాది తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయని పైనుంచి అడిగేవారు లేరు. కనుక లెక్కపెట్టేవారూ లేరు. రిజిస్టరులో సంతకం పడగానే పని పూర్తి. నాలుగు ఊళ్లకు ఒక్క లైన్‌మన్ ఉన్నచోట, ఎగిరిన ఫ్యూజు వేసుకోవడానికి రైతే స్తంభం దగ్గరికి పోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్నచోట, ఆ లైన్‌మన్ కెపాసిటర్ తీగె ఊడిందో లేదో చూస్తాడనుకోవడం అత్యాశ.

పద్ధతి మార్చడం కష్టమేమీ కాదు. రైతు లెక్కన పంచడం మాని ట్రాన్స్‌ఫార్మర్ లెక్కన బిగించాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవారంతా ఒప్పుకుని సంతకం చేస్తేనే అక్కడ పని మొదలవ్వాలి. మొదలైతే ఒకే రోజు అన్ని మోటార్లకూ బిగించాలి. అప్పుడు "ముందు నేనెందుకు" అన్న ప్రశ్న పుట్టదు. ఒప్పుకోని ఇద్దరు ముగ్గురిని ఒప్పించే పని మిగతావారే చూసుకుంటారు. ట్రాక్టర్ కిరాయికి చందా వేయించగల ఊరు ఈ మాత్రం చేయలేదా? బిగించడానికి ముందు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఓల్టేజి, ఆంపియర్లు అందరి ఎదుట కొలిచి స్తంభం మీదనే రంగుతో రాయాలి. పొలం గట్టు మీద నిలబడి చదువుకోగలిగిన రెండు అంకెలు ఏ ఉపన్యాసం కంటే కూడా ఎక్కువ చెబుతాయి.

కొత్త కనెక్షన్లకు ఇంత శ్రమ కూడా అక్కరలేదు. కెపాసిటర్ స్టార్టర్ డబ్బాలోనే బిగించి వస్తే చాలు. వద్దనుకున్నవాడు పనిగట్టుకుని ఊడదీయాలి. కావాలనుకున్నవాడు అడిగి తెచ్చుకునే పద్ధతిలో పదిమందిలో ఒకరు తెచ్చుకుంటారు. ముందే ఉన్నదాన్ని తీసేసే పద్ధతిలో పదిమందిలో తొమ్మిదిమంది అలాగే ఉంచుతారు. మనిషి స్వభావం అది. అర్థశాస్త్రజ్ఞులు దీని మీద గ్రంథాలు రాశారు.

ఇక బిగించేదెవరు? కంట్రాక్టర్ జీపులో వచ్చి బిగించి పోతే మరునాడు దాన్ని చూసే దిక్కుండదు. మండలంలో మోటార్లు చుట్టే మెకానిక్‌నే ఇందుకు తీసుకోవాలి. రైతు మోటారు విషయంలో ఇంజనీరు మాట కంటే వైండింగు షాపు మాట వింటాడన్నది అందరికీ తెలిసిందే. మోటార్లు కాలకపోతే ఆ షాపుకు బేరం తగ్గుతుందన్నదీ నిజమే. అందుకే అతనికి బిగించినందుకు కొంత, ఏడాది తర్వాత పనిచేస్తున్న ప్రతి కెపాసిటర్‌కూ మరికొంత ఇవ్వాలి. అప్పుడు డబ్బా బాగుండటం అతని లాభమూ అవుతుంది. పెద్ద రైతులు తమ మోటార్లను రికార్డులో 5 హెచ్.పి. అని చూపి 7.5 నడిపే ఊళ్లు లేకపోలేదు. అక్కడ సైజు తప్పితే నిందంతా కెపాసిటర్ మీదికి వస్తుంది. దండుగ వేస్తామని బెదిరించకుండా ఒకసారి ఉన్నది ఉన్నట్టు రాసుకోనిస్తే మంచిది.

ఓల్టేజి బాగుపడితే మోటార్లు ఇంకా ఎక్కువ నీరు తోడతాయి, భూగర్భజలం ఇంకా అడుక్కు పోతుంది కదా అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోర్ల మధ్య దూరం గురించి, అనుమతుల గురించి చెబుతుంది. దాన్ని పట్టించుకున్న ఊరు అరుదు. అయితే నీటిని కాపాడటానికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలనివ్వాలనడం న్యాయం కాదు. కాలిన ప్రతిసారీ ఎండేది ఒక్క బోరుతో బతికే చిన్న రైతు మడి. రెండు బోర్లు, బావి ఉన్నవాడు ఎలాగో గట్టెక్కుతాడు. నీటి పొదుపు పంటల మార్పుతో, బిందు సేద్యంతో తేవాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏకమై ఒకసారి మేలు చూసిన పదహారు మందికి, వంతులవారీగా మోటార్లు నడుపుకుందామన్న మాట తర్వాత చెప్పడం తేలిక.

ఈ ప్రయత్నానికి అదును ఒకటే ఉంది. వానాకాలం వడ్లు అమ్ముడై పైకం చేతికి వచ్చాక, యాసంగి నార్లు నాటకముందు. దాదాపు నవంబరు నెల. అప్పుడు మోటార్లు ఎక్కువ నడవవు. లైను రెండు గంటలు ఆపినా ఎవరూ అడ్డు చెప్పరు. ముందుగా ప్రతి మండలంలో గత రెండేళ్లలో రెండుసార్లకు మించి కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా తీసి, ఆ ఊళ్లలో మొదలుపెట్టాలి. ఆ జాబితా మరమ్మతు కేంద్రాల రిజిస్టర్లలో తేదీలతో సహా ఉంది. అధికారులు రేపే దాన్ని తెరవవచ్చు.